చెల్లెలి పెళ్ళిపక్క

జనవరి 9, బుధవారం

పొద్దున సంబంధాల హవ్రోన్యా వచ్చింది. ఈ చలికాలంలో మా గుమ్మం తొక్కిన మొదటి స్వాఖా, అంటే పెళ్ళిళ్ళు కుదిర్చే మనిషి, ఈవిడే. పలకరింపు లేకుండా తిన్నగా వచ్చి నడిదూలం కింద బల్ల మీద కూర్చుంది. దూలం కింద కూర్చున్న ఆడమనిషి పెళ్ళిమాటకే వచ్చిందని ఊళ్ళో పాలు తాగే పిల్లలకి కూడా తెలుసు. అమ్మ నా వైపు చూసింది. నాన్న గొంతు సవరించుకున్నాడు.

"మీ దగ్గర సరుకుందని విన్నాం. మా దగ్గర బేరగాడున్నాడు," అంది హవ్రోన్యా.

బేరగాడు నికాందర్. నది అవతలి ఒడ్డు స్తెపనీదా కొడుకు. ఆ పేరు వినగానే నేను పిండి చేతులతో లోపలికి వెళ్ళాను. చేతులు కడుక్కున్నాను. పెట్టె తెరిచి పూల జాకెట్టు తీసి వేసుకున్నాను. దానికి బొత్తాలు ఎక్కువ. అవన్నీ పెట్టుకుని వచ్చేసరికి మాట చిన్నదాని మీదికి వెళ్ళిపోయింది.

కళ్ళంలో పన దాటి పన నూర్చరనీ, ముందు పెద్దది కదలాలనీ నాన్న అంటున్నాడు. హవ్రోన్యా నన్ను చూసింది. నా జాకెట్టు చూసింది.

"పెద్దమ్మాయి పనికి బంగారం, ఎవ్లాంపీ అన్నా. కాదన్నదెవరు? గానుగ తిప్పమంటే గుర్రం సిగ్గుపడాలి. అందుకే గానుగ దగ్గరే ఉంచుకో. నాకు అప్పజెప్పిన పేరు ఉస్తీన్యా."

నాన్న కాసేపు గడ్డం నిమురుకున్నాడు. అవతలి ఒడ్డున ఎవరు మా గానుగ అవిసె నూనె కొనాలన్నా స్తెపనీదా కొట్టులోనే కొనాలి. మధ్యాహ్నానికి ఒప్పుకున్నాడు. చొక్కా చేతులు వేళ్ళ మీదికి లాక్కుని నాన్నా హవ్రోన్యా చేతులు కలిపారు. వట్టి చేతులు కలిపితే ఆ కాపురంలో గింజ నిలవదట.

నాకు ఇరవై ఏడు. ఉస్తీన్యాకి పందొమ్మిది. దాన్ని చంకనేసుకుని పెంచింది నేనే. నాకేం బాధ లేదు.

జాకెట్టు విప్పి మళ్ళీ పెట్టెలో పెట్టాను.

జనవరి 10

నాకేం బాధ లేదు.

జనవరి 16, బుధవారం

పెళ్ళికూతుర్ని నెవెస్త అంటాం కదా, ఆ మాటకి 'తెలియనిది' అని అర్థమట. హవ్రోన్యా చెప్పింది. వచ్చే పిల్ల ఎవరో, దాని కడుపులో ఏముందో అత్తింటికి తెలియదు కాబట్టి ఆ పేరు పెట్టారట. చెప్పి తనే నవ్వుకుంది.

నికాందర్‌కి నేను తెలియనిదాన్ని కాదు. మూడేళ్ళ కిందట, ఉపవాసాల ముందొచ్చే అట్ల వారంలో, తన మంచుబండి మీద నన్ను ఎక్కించుకుని నది వంపు దాకా తీసుకెళ్ళాడు. చలేస్తుందని నా మోకాళ్ళ మీద గొర్రెతోలు కప్పాడు. కప్పి, చెయ్యి కాసేపు అక్కడే ఉంచాడు. ఆ తర్వాత రాలేదంటే వాళ్ళ నాన్న పోవడం, ఇంటి బరువు మీద పడటం. హవ్రోన్యాకి పేరు తప్పుగా వినబడి ఉంటుంది. ఆవిడకి ఎడమ చెవి పనిచెయ్యదు.

ఈరోజు కానుకలు తెచ్చారు. ఉస్తీన్యాకి అద్దం, దువ్వెన, వాసన సబ్బు. పెద్దదాన్ని దాటి చిన్నదాన్ని చేసుకుంటున్నప్పుడు పెద్దదాని చేతిలో కూడా ఏదో పెట్టాలి. నాకు శాలువా ఇచ్చాడు.

"ఏమీ అనుకోకు, వదినా," అన్నాడు.

వదిన.

శాలువా మందంగా ఉంది. బూడిద రంగు నాకు నప్పుతుందని అతనికి ఎలా తెలుసో.

జనవరి 27, ఆదివారం

ఉస్తీన్యా ఏడవడం లేదు. పెళ్ళికూతురన్నాక పెళ్ళి దాకా రోజూ ఇంటివాళ్ళలో ఒక్కొక్కరి ముందూ కూర్చుని, మాట కట్టి, రాగం తీసి ఏడవాలి. ఏడుపులు నేర్పే ఫెదోస్యా ముసలమ్మని పిలిపించాం. ఆవిడ పాడుతుంటే గుమ్మంలో నిలబడ్డ ఆడవాళ్ళంతా ముక్కులు చీదుకున్నారు. ఇది మాత్రం ఆవిడ మాటలే తిరిగి చెబుతోంది, కూరగాయల పేర్లు చెప్పినట్టు. నా ముందు కూర్చుని, "అక్కా, నిన్ను దాటి వెళుతున్నాను, నా నీడ నీ మీద పడకుండా చూడు" అని అప్పజెప్పింది. కళ్ళు పొడిగా ఉన్నాయి.

అమ్మ కంగారుపడింది. పెళ్ళిబల్ల దగ్గర ఏడవని పిల్ల అత్తింటి గుంజ దగ్గర ఏడుస్తుందని సామెత. వెనక నుంచి వెళ్ళి దాని తొడ మీద గట్టిగా గిల్లింది. అప్పుడు ఏడ్చింది. బాగా ఏడ్చింది. ఆడవాళ్ళు మెచ్చుకున్నారు.

నేనైతే ఎవరూ గిల్లకుండానే ఏడ్చేదాన్ని.

ఫిబ్రవరి 4

అత్తింట్లో పెళ్ళిపక్క పరచడానికి పెళ్ళికూతురి తరఫున ఒకరు ముందుగా వెళ్ళాలి. మామూలుగా పెళ్ళైన ఆడమనిషి వెళుతుంది. నాన్న నన్ను వెళ్ళమన్నాడు. నేను వెళితే ఊరికి నోరు మూతపడుతుందట, పెద్దదాని మనసులో ఏమీ లేదని తెలుస్తుందట.

నిజంగానే ఏమీ లేదు కాబట్టి సరేనన్నాను.

ఫిబ్రవరి 9, శనివారం

పెళ్ళికూతురి స్నానాలు. ఆవిరిగదిలోకి తీసుకెళ్ళేది నేనే. బయట నేస్తురాళ్ళు రేకు పళ్ళేలు కొడుతూ పాడుతున్నారు. పాట నాకోసమే కట్టారు:

పెద్ద పన కళ్ళంలో నానిపోయె,
చిన్న పన బండెక్కి ఊరేగిపోయె.

నేను కూడా నవ్వాను. నవ్వకపోతే ఇంకో చరణం కడతారు.

లోపల ఉస్తీన్యా వీపు రుద్దుతున్నాను. అప్పుడు చెప్పింది. పోయిన ఎండాకాలం తెప్పలవాళ్ళు మా రేవులో ఆగినప్పుడు వాళ్ళలో ఒకడితో. ఒకసారి కాదు. వాడు మళ్ళీ వస్తానన్నాడట. తెప్పలవాడు వెనక్కి రావడం ఎక్కడైనా ఉందా, నది వెనక్కి పారుతుందా? ఇప్పుడు భయమేస్తోందంది. పెళ్ళి మర్నాడు పెళ్ళికూతురి రాత్రి చొక్కా పళ్ళెంలో పెట్టి తిప్పుతారు. తెల్లగా ఉంటే ఏం చేస్తారో దానికీ తెలుసు, నాకూ తెలుసు. మా వీధి వాస్సా చెల్లెలి పెళ్ళిలో వాళ్ళమ్మ మెడలో గుర్రపు పట్టెడ వేసి వీధంతా తిప్పారు. ఆవిడ తర్వాత గుడికి కూడా రాలేదు.

విందుకి కోసిన పుంజు రక్తం కొంచెం చేప గాలితిత్తిలో పోసి దారంతో కట్టి దాచిందట. పక్క పరిచేది నేనే కాబట్టి దాన్ని దిండు కింద పెట్టమంది. అంతే. మిగతాది తను చూసుకుంటుంది.

"అక్కా, నీ కాళ్ళకి మొక్కుతా. నాకోసం కాదు, అమ్మకోసం."

నిజంగానే తడి నేల మీద పడి నా పాదాలు పట్టుకుంది. ఎవరూ గిల్లలేదు, బాగా ఏడ్చింది.

లేవదీశాను. సరేనన్నాను. ఎవరైనా సరేనంటారు.

బయటికి వచ్చాక దాని ఒంటిజడ విప్పాం. కన్నెపిల్లగా అదే చివరి జడ. రిబ్బను నా ఒళ్ళో పెట్టి, "తర్వాత నీ వంతు" అంది ఒక నేస్తురాలు. అందరూ మళ్ళీ నవ్వారు.

ఫిబ్రవరి 10, ఆదివారం

ఓపిక లేదు, అయినా రాస్తాను.

పెళ్ళివారు వస్తుంటే మన కుర్రాళ్ళు వాకిట్లో తాడు కట్టారు. నికాందర్ పిల్లని బేరమాడి విడిపించుకున్నాడు. జవాబుకి జవాబు చెప్పాడు. ముందు తమాషాకి పెళ్ళికూతురు అని ముసుగు కప్పి వేరే ఎవరినో చూపించాలి కదా. నన్ను కూర్చోబెట్టారు. అతను ముసుగెత్తాడు. లెక్క ప్రకారం "ఇది కాదు, నాది వేరే" అనాలి.

"ఇది కాదు," అన్నాడు. గట్టిగా, నవ్వుతూ. వాకిలంతా గొల్లుమంది.

అది ఆచారం. అలాగే అనాలి.

గుడిలో వాళ్ళ తలల మీద పెళ్ళి కిరీటాలు పట్టే సేపు నేను లేను. పక్క సామాను బండిలో వేసుకుని ముందే నది దాటాను. చలి ఎంతంటే గుర్రం మీసాలు తెల్లబడ్డాయి. తిత్తి నా చొక్కా ఎడమ చేతి లోపల ఉంది, కోటు కింద. స్తెపనీదా ఇంట్లో వెచ్చని కొట్టుగది ఇచ్చారు. చెక్క మీద రై పనలు పరిచాను. వాటి మీద పరుపు, దుప్పటి, కుచ్చుల దిండ్లు. మూల మీద విరిగిన సూది గుచ్చాను, దిష్టి తగలకుండా. స్తెపనీదా వచ్చి చూసి, మా ఇంటి చేతిపని మంచిదని మెచ్చుకుంది. ఆవిడ వెళ్ళాక కాసేపు పక్క మీద కూర్చున్నాను. రై కంకులు కింద కరకరమన్నాయి.

తర్వాత బండ్ల గంటలు వినబడ్డాయి. కంగారుగా బయటికి వచ్చేశాను.

కరవాయ్ అనే పెళ్ళిరొట్టెని ఇద్దరూ కొరికారు. నికాందర్ పెద్ద ముక్క కొరికాడు కాబట్టి ఇంటి పెత్తనం అతనిదే. బల్ల దగ్గర సారా చేదుగా ఉందని అందరూ "గోర్కో, గోర్కో" అని అరిచారు. వాళ్ళిద్దరూ ముద్దుపెట్టుకుంటేనే తియ్యబడుతుంది. నేను కూడా అరిచాను. నా పక్కన కూర్చున్న హవ్రోన్యా, నా గొంతే అందరికంటే పైకి వినబడుతోందని అంది. చేదుగానే ఉంది మరి.

ఉస్తీన్యా జడ రెండు పాయలు చేసి తల మీద చుట్టి, ఇల్లాలి టోపీ పెట్టారు. లోపలికి తీసుకెళుతుంటే అది నా కేసి చూసింది. నేను తల ఊపాను.

ఎందుకు ఊపానో తెలియదు. ఆ హడావిడిలో తిత్తి సంగతి మరిచిపోయాను. ఇంటికొచ్చి చొక్కా విప్పితే చేతిలోంచి పడింది. అంత పనిలో ఎవరైనా మరిచిపోతారు.

ఫిబ్రవరి 11, సోమవారం

పొద్దున్నే వెళ్ళాం, పక్క ఎత్తడానికి నేనూ, చూడటానికి అమ్మా హవ్రోన్యా. కుర్రాళ్ళు కొట్టుగది తలుపుకేసి కుండలు పగలగొడుతున్నారు. స్తెపనీదా పళ్ళెం పట్టుకుని నిలబడింది. అమ్మ నా చెయ్యి పట్టుకుంది. అమ్మకి ఏమీ తెలియదు, పాపం.

నికాందర్ బయటికి వచ్చాడు. వాళ్ళమ్మ చేతిలో చొక్కా పెట్టి, "ఎర్ర రిబ్బన్లు కట్టండి," అన్నాడు.

చొక్కా మీద ఎరుపు ఉంది. అందరూ చూశారు. అమ్మకి రొమ్ము మీద ఎర్ర పువ్వు గుచ్చారు, గుర్రాలకి రిబ్బన్లు, చీపురుకి కూడా రిబ్బను. అమ్మ చిన్నపిల్లలా చిందులేసింది. నా మెడకీ ఒకటి కట్టారు.

నాకు చాలా సంతోషంగా ఉంది.

అతని కుడిచేతి చూపుడువేలికి గుడ్డ చుట్టి ఉంది. కొత్త గుడ్డ. కుచ్చుల దిండు అంచు చింపినది. నేను కుట్టిన కుచ్చులే.

ఉస్తీన్యా నా వైపు చూడలేదు. ఒక్కసారి కూడా.

అంత ప్రేమ దేనికో.

ఫిబ్రవరి 12, మంగళవారం

ఈరోజు మా ఇంట్లో అల్లుడి అట్లు. పొద్దుటి నుంచీ అమ్మా నేనూ అట్లు పోస్తూనే ఉన్నాం. వియ్యాలవారు, ఇరుగుపొరుగు, అవతలి ఒడ్డు నుంచి సగం ఊరు. మొదటి అట్టు అల్లుడి ముందు పెట్టాలి. అంచు నుంచి తింటే పిల్ల మంచిదని. నడిమధ్య కొరికి పళ్ళెంలో వదిలేస్తే ఇంక చెప్పక్కర్లేదు. ఎర్ర రిబ్బన్లు కట్టాక ఆ ముచ్చట వట్టి లాంఛనమే. అందరూ నవ్వుతూ కూర్చున్నారు. నాన్న అంత నవ్వడం నేనెప్పుడూ చూడలేదు.

ఉస్తీన్యా కొత్త టోపీలో నికాందర్ పక్కన కూర్చుంది. అతను దాని గిన్నెలో మీగడ వేశాడు. వేలికి ఇంకా గుడ్డ ఉంది.

పళ్ళెం పెడుతూ వేలి గురించి అడిగాను. ఇంటికొచ్చిన మనిషి వేలికి కట్టు కనబడితే ఎవరు అడగరు?

"ఈ వేలికేమైంది మరిదీ? పెళ్ళినాడు లేదే. పక్కలో విరిగిన సూది పెట్టాను, అది గానీ గుచ్చుకుందా?"

పరాచికం. వదినలు ఆడతారు.

ఒకరిద్దరు నవ్వారు. తర్వాత ఎవరూ నవ్వలేదు. స్తెపనీదా చెంచా కింద పెట్టి కొడుకు చెయ్యి అందుకుంది, గుడ్డ విప్పింది. లోపల కత్తి గాటు, సన్నగా, నిలువుగా. ఆవిడ దాన్ని చూసింది, కోడల్ని చూసింది. హవ్రోన్యా కిటికీ వైపు తిరిగింది. బల్ల చివర అతని మేనమామ, "మన నికాందర్ మెత్తని మనిషి, వేరేవాళ్ళ బాకీ తన ఒంట్లోంచి తీర్చాడు," అన్నాడు. అవతలి ఒడ్డువాళ్ళు ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకుంటున్నారు.

నికాందర్ తెల్లగా పాలిపోయాడు. కాసేపు అట్టు వైపే చూశాడు. తర్వాత తీసుకుని నడిమధ్య కొరికాడు. కొరికిన ముక్క ఉమ్మేశాడు. చిల్లు పడ్డ అట్టుని అమ్మ ముందు పళ్ళెంలో పెట్టాడు.

ఉస్తీన్యా కదల్లేదు.

పట్టెడ మా కొట్టంలోదే. మా గుర్రానిదే. అవతలి ఒడ్డు ఆడవాళ్ళు వెళ్ళి తెచ్చారు. అమ్మ మెడ చిన్నది, పట్టెడ భుజాల మీదికి జారిపోయింది. రెండు చేతులతో పైకి పట్టుకుని నడిచింది, లేకపోతే నేలకి ఈడ్చుకుంటుంది. నది దాకా తీసుకెళ్ళి తీసుకొచ్చారు. వెనకాల రేకు పళ్ళేలు. నాన్న గానుగలోకి వెళ్ళి తలుపేసుకున్నాడు.

నేను అమ్మ మోచెయ్యి పట్టుకునే నడిచాను, చివరి దాకా. ఊరంతా చూసింది నేను వదలలేదని.

ఫిబ్రవరి 13

పిల్ల చెడిన ఇల్లని మా గేటుకి తారు పూశారు. గీకాను. చెక్కలోకి ఇంకిపోయింది.

ఉస్తీన్యాని వాళ్ళు వెనక్కి పంపలేదు. బండిలో వేసుకుపోయారు. స్తెపనీదా పనిమనిషిని మానిపించిందట.

ఫిబ్రవరి 15

తిత్తి గురించి. దాన్ని పెట్టినా లాభం ఉండేది కాదు. ఆ చలిలో నది దాటేసరికి గడ్డకట్టి ఉంటుంది.

ఫిబ్రవరి 17

అయినా దొంగ రక్తంతో కాపురం మొదలుపెట్టించడం పాపం. దేవుడే నా చేత మరిపించాడు.

ఫిబ్రవరి 20, బుధవారం

అట్ల వారం. అల్లుళ్ళు అత్తగారింటికి వచ్చే రోజు. వీధిలో బండ్లు, గంటలు. మా గేటు ముందు ఎవరూ ఆగలేదు.

ఉస్తీన్యా ఒక్కతే నడిచి వచ్చింది, మంచు మీద. నేను వాకిట్లో తారు పూసిన గేటు చెక్క తుడుస్తున్నాను. దాని ఎడమ కన్ను వాచి మూసుకుపోయి ఉంది.

"తిత్తి ఏం చేశావక్కా?"

"గడ్డకట్టింది," అన్నాను.

"నీ ఒంటి మీద ఉన్నది గడ్డకట్టిందా?"

అది కోప్పడలేదు. కోప్పడితే నాకు బాగుండేది.

"అతను నీక్కావాలని ఒక్క మాట చెప్పుంటే నేను చచ్చినా ఒప్పుకునేదాన్ని కాదు. నాకు అతనితో ఏం పని? నన్నెవరడిగారు?"

దాని ఒంట్లో బాగాలేదు, ఏదేదో మాట్లాడింది. అమ్మని చూస్తానంది. అమ్మ పడుకుందని చెప్పాను. అమ్మ పెద్ద పొయ్యి మీది వెచ్చని పడక అరుగు మీద గోడ వైపు తిరిగి ఉంది, అంటే పడుకున్నట్టే. వెళ్ళిపోయింది.

గేటు చప్పుడు విని ఎవరొచ్చారని అమ్మ అడిగింది. ఎవరూ రాలేదన్నాను. ఆవిడ మనసు కష్టపెట్టడం దేనికి?

"దాని పేరు ఈ ఇంట్లో ఎత్తకు. నా కడుపున పుట్టిన దానివి నువ్వొక్కదానివే, గ్లఫీరా," అంది అమ్మ. నా చెయ్యి తీసుకుని చెంపకి ఆనించుకుంది. ఎన్నేళ్ళయింది అలా చేసి.

మార్చి 22

నలభై రోజుల ఉపవాసం సాగుతోంది. ఫాదర్ దగ్గర పాపాలు చెప్పుకున్నాను. మొదటి వారంలో పాలు తాగిన సంగతి చెప్పాను. ఆదివారం సూది పట్టిన సంగతి చెప్పాను. ఇంకేమైనా ఉందా అమ్మా అని అడిగాడు. ఇంకేమీ గుర్తు రాలేదు.

అమ్మ గుడికి రావడం లేదు.

ఏప్రిల్ 27

మంచు పోయింది. నిన్న మొదటి స్టీమరు వచ్చింది.

ఉస్తీన్యా వెళ్ళిపోయింది. పడవవాడు చూశాడు. మూట కూడా లేదట చేతిలో. ఇల్లాలి టోపీ తీసేసి, రెండు పాయలూ విప్పి, కన్నెపిల్లలా ఒంటిజడ వేసుకుని, తల మీద ముసుగు లేకుండా రేవులోకి నడిచింది. రేవులో జనం తప్పుకుని దారిచ్చారట, మశూచి వచ్చిన దానికి ఇచ్చినట్టు. నగరంలో నార మిల్లులో చేరిందని ఒకరు, తెప్పలవాళ్ళని వెతుక్కుంటూ పోయిందని ఒకరు. నాన్న విని గానుగ ఆపలేదు. అమ్మ శిలువ గుర్తు వేసుకుంది, చచ్చిపోయినవాళ్ళకి వేసుకునేట్టు.

మే 3, శనివారం

నికాందర్ వచ్చాడు!

నూనెకి. ఇదివరకు వాళ్ళ పాలేరు వచ్చేవాడు, ఈసారి తనే పడవ వేసుకుని వచ్చాడు. నూనెకి పరువుతో పనిలేదని నాన్న కొలిచి పోశాడు. నికాందర్ చిక్కిపోయాడు. బొత్తాం ఊడిపోయి ఉంది, కుట్టే దిక్కు లేదు కాబోలు. గుమ్మం దగ్గర ఆగి, చెల్లెలి దగ్గర నుంచి కబురేమైనా వచ్చిందా అని అడిగాడు. మర్యాదకి అడగాలి కదా. లేదన్నాను.

మే 10, శనివారం

మళ్ళీ వచ్చాడు. పోయిన వారం తీసుకెళ్ళిన నూనె అంత తొందరగా ఎలా అమ్ముడుపోతుంది? నేను బూడిద రంగు శాలువా కప్పుకున్నాను. బల్ల మీద కూర్చుని ఒక కప్పు టీ తాగాడు. మళ్ళీ అదే అడిగాడు, కబురు. పాపం, ఇంకేం మాట్లాడాలో తెలియక.

బొత్తాం కుట్టిపెడతానన్నాను. వద్దనలేదు. కోటు ఇచ్చి చొక్కాతో కూర్చున్నాడు. అమ్మ పొయ్యి మీద నుంచి చూసింది.

భార్య ఉండగా గుడి ఇంకో పెళ్ళి చెయ్యదు. తెలుసు. కానీ ఆవిడ లేదు. మనుషులు ఎన్నో విధాలుగా బతుకుతున్నారు.

మే 13

అతనికి తెలియాలి. ఆ ఇంట్లో అతన్ని కావాలని మోసం చెయ్యబోయింది ఎవరో, మోసపోకుండా ఆపింది ఎవరో తెలియాలి. ఇన్నాళ్ళూ నేనే చెప్పకుండా దాచి తప్పు చేశాను. మంచి పని దాచుకోకూడదు.

మే 17, శనివారం

వచ్చాడు. నాన్న గానుగలో ఉన్నాడు. టీ పోశాను.

చెప్పాను. ఆవిరిగది సంగతి, తిత్తి సంగతి, దిండు కింద పెట్టమన్న సంగతి. అది నా కాళ్ళు పట్టుకున్నా నేను లొంగలేదని చెప్పాను. మరిచిపోలేదు, గడ్డకట్టలేదు, కావాలనే పెట్టలేదు, నిన్ను మోసం చెయ్యడానికి నా చెయ్యి రాలేదు అని చెప్పాను. అతను కప్పు పట్టుకుని వింటున్నాడు. కళ్ళెత్తి నన్ను చూశాడు. మూడేళ్ళలో మొదటిసారి అలా నిలిపి చూశాడు.

"పెడితే నాకు తెలిసేదా?"

"తెలిసేది కాదు. ఎవరికీ తెలిసేది కాదు," అన్నాను.

"పెట్టాల్సింది."

వినబడలేదేమో అనుకున్నాను. మళ్ళీ అన్నాడు.

"పెట్టాల్సింది వదినా. నా పెళ్ళాం నా ఇంట్లో ఉండేది." తర్వాత తన చూపుడువేలి వైపు చూసుకున్నాడు. అక్కడ ఇప్పుడు గాటు కూడా లేదు. "అయితే ఆరోజు వేలి సంగతి తెలిసే అడిగావన్నమాట."

దాని కన్ను పోయేట్టు కొట్టింది నేను కాదు, అట్టు కొరికింది నేను కాదు. అదే అన్నాను.

"కాదు. అవి నేనే చేశాను," అన్నాడు. కప్పు బల్ల మీద పెట్టాడు, నెమ్మదిగా, చప్పుడు కాకుండా. నూనె డబ్బా తీసుకోకుండా వెళ్ళిపోయాడు.

తిరిగి చూస్తే అమ్మ పొయ్యి మీద లేచి కూర్చుని ఉంది. ఎప్పుడు లేచిందో. అంతా విన్నట్టుంది. గోడ వైపు తిరిగి పడుకుంది.

మే 18

అతను బాధలో అన్నాడు. మగవాళ్ళు బాధలో ఏదేదో అంటారు. నూనె డబ్బా ఇక్కడే ఉంది. వచ్చే శనివారం దానికోసమైనా రావాలి.

మే 19

అమ్మ నా చేతి అన్నం ముట్టడం లేదు. గంజి పెడితే గిన్నె గోడకేసి నెట్టింది. నాన్న పెడితే తింటోంది.

మే 24, శనివారం

డబ్బా కోసం వాళ్ళ పాలేరు వచ్చాడు.